పుర్రెకో బుద్ధి: విగ్రహాల పనివాడు కొన్న ప్లాస్టిక్ తల

“ఎదురుగా చూస్తే మా నాయనే. పక్కకు వచ్చి చూస్తే ఎవరో.”

పోయిన ఏడాది చండూరు వైపు నుంచి వచ్చిన ఒక రైతు, మా షెడ్డులో తన తండ్రి మట్టి బొమ్మ చుట్టూ ఒకసారి తిరిగి అన్న మాట ఇది. కోపంగా అని ఉంటే నేనూ ఏదో ఒకటి చెప్పి తప్పించుకునేవాణ్ణి. మెల్లగా, మొహమాటపడుతూ అన్నాడు. ఆ రాత్రి అన్నం తిన్నాక ఫోనులో వెతికి, మనిషి తలంత ప్లాస్టిక్ పుర్రె ఒకటి తెప్పించుకోవడానికి డబ్బు కట్టాను. 1,450 రూపాయలు. ఎనిమిది నెలలుగా దాన్ని పక్కన పెట్టుకుని పని చేస్తున్నాను కాబట్టి దాని మంచీ చెడ్డా చెప్పగలను.

నల్లగొండలో దేవరకొండ రోడ్డు మీద మా షెడ్డు. నాన్న రాతిపని చేసేవాడు. నేను మట్టిలో బొమ్మ చేసి ఫైబర్‌లో పోత పోస్తాను. దేవుళ్ళూ నాయకులూ ఉంటారు గానీ, మా పొయ్యి వెలిగేది ఎక్కువగా తండ్రుల విగ్రహాలతోనే. పొలం గట్టున సమాధి కట్టి, దాని మీద ఛాతీ వరకు బొమ్మ పెట్టుకోవడం మా వైపు ఈమధ్య బాగా పెరిగింది. వచ్చేవాళ్ళు ఒక ఫొటో తెస్తారు. ఆధార్ కార్డుదో, పింఛను పుస్తకం మీదిదో. బొటనవేలి గోరుకు కాస్త పెద్దది. అందులో చెవులు కూడా సరిగా కనిపించవు. దాన్ని చూసి నాలుగు వైపులా నిలబడే ముఖం తీయాలి. ముందు వైపు ఫొటో చెబుతుంది, మిగతా మూడు వైపులూ మన ఊహ. ఆ ఊహకు లోపల ఎముక లేకపోతే ఏమవుతుందో ఆ రైతు చెప్పాడు.

వచ్చిన మొదటి పెట్టె విప్పితే దవడ ఒక పక్కకు వేలాడుతోంది, స్ప్రింగు తెగిపోయింది. అమ్మినవాళ్ళకు ఫోను చేస్తే, పెట్టె విప్పుతున్నప్పుడు తీసిన వీడియో ఉందా అని అడిగారు. పుర్రె విప్పుతూ వీడియో తీసుకునే అలవాటు మా ఇంట్లో అంతకు ముందు లేదు. ఎన్నో ఫోన్లు చేశాక, 19 రోజులకు ఇంకొకటి పంపారు. అది వచ్చిన రోజు అమావాస్య కావడంతో మా ఆవిడ గడప దాటనివ్వలేదు. ప్లాస్టిక్‌దే కదా అన్నాను. “ప్లాస్టిక్‌దైనా నవ్వుతోంది కదా” అంది. అప్పటి నుంచి అది షెడ్డులోనే ఉంటోంది, ఎర్ర తువ్వాలు కప్పుకుని.

వస్తువు మూడు ముక్కలుగా వస్తుంది. పై చిప్ప, కింది పుర్రె, దవడ. చిప్పకు చిన్న కొక్కేలు, దవడకు రెండు స్ప్రింగులు. లోపల బోలు. రంగు బాగుంది, పాత దంతం రంగు, మరీ తెల్లగా లేదు. పోత పనివాడి కన్ను మొదట అతుకు దగ్గరికే పోతుంది. చెవి వెనక నుంచి దవడ మూల దాకా సన్నటి గీత ఉంది, గీరి శుభ్రం చేయలేదు. మా షెడ్డులో కుర్రవాడు ఇలా వదిలేస్తే నేను ఊరుకోను. పై చిప్ప మీద ఎముకల అతుకుల గీతలు మాత్రం చక్కగా, వంకరటింకరగా, నది పాయల్లాగా దిగాయి. మా నాయనమ్మ వీటినే బ్రహ్మరాత అనేది. ఈ బొమ్మకు బ్రహ్మ ఎక్కడో ఫ్యాక్టరీలో ఉంటాడు, తీసిన ప్రతి తలకూ ఒకే రాత రాస్తాడు.

మా అక్క కూతురు ఇక్కడి ప్రభుత్వ వైద్య కళాశాలలో చదువుతోంది. 2019లో ఆ కళాశాల నల్లగొండకు వచ్చింది కాబట్టి పిల్ల ఆదివారాలు ఇంటికి వస్తోంది, నాకు ఉచితంగా మాస్టారు దొరికింది. వచ్చిన మొదటి ఆదివారమే తువ్వాలు తీసి చూసి, “మామయ్యా, ముఖంలో ఎముకలు ఎన్నో చెప్పు” అంది. ముప్పై ఏళ్ళుగా ముఖాలు చేస్తున్నవాణ్ణి, నాలుగో అయిదో అన్నాను. పద్నాలుగట. చెంప ఎముకలు రెండు, పై దవడ రెండు, ముక్కు దూలానికి రెండు, కన్నీటి ఎముకలు రెండు, అంగిలి వెనక భాగానికి రెండు, ముక్కు లోపల చుట్ట తిరిగిన ఎముకలు రెండు. జంటలు అయిపోయాయి. ఒంటరివి రెండే, ముక్కు మధ్య గోడలోని వోమర్, కింది దవడ. పై దవడ ఒక్కటే అనుకునేవాణ్ణి. నడిమధ్య అతుకు చూపించింది, పై పళ్ళ మధ్య నుంచి అంగిలి మీదుగా వెనక్కి పోతుంది.

“మరి నుదురు?” అన్నాను. అది ముఖంలోకి రాదట. మెదడును కప్పే ఎనిమిది ఎముకల లెక్కలోకి పోతుందట. ఇక్కడ మాకు కాసేపు వాదన జరిగింది. నాన్న నేర్పిన తాళమానంలో, అంటే విగ్రహాల కొలతల లెక్కలో, ముఖమంటే పన్నెండు అంగుళాలు. అది టేపు మీద ఉండే అంగుళం కాదు, విగ్రహం ఎత్తును బట్టి మారే కొలత. జుట్టు మొదలు నుంచి కనుబొమ్మ దాకా నాలుగు, అక్కడి నుంచి ముక్కు కొన దాకా నాలుగు, గడ్డం దాకా నాలుగు. నుదురు తీసేస్తే మా ముఖంలో మూడో వంతు పోయినట్టే. డాక్టర్ల ముఖం కనుబొమ్మ కింద మొదలవుతుంది, శిల్పుల ముఖం జుట్టు కింద మొదలవుతుంది. పుర్రె మీద జుట్టు మొదలు ఎక్కడో ఎలాగూ తెలియదు. ఇద్దరం ఎవరి లెక్క వాళ్ళం ఉంచుకున్నాం.

ఇంతకీ ఆ రైతు తండ్రి ముఖంలో తప్పు ఎక్కడుంది? రెండు చోట్ల ఉంది. రెండూ ఈ పుర్రెను పక్కకు తిప్పి పెట్టిన మొదటి పూటే తెలిశాయి.

మొదటిది చెంప ఎముక. ఇన్నేళ్ళూ నేను కంటి కింద నిమ్మకాయంత మట్టి ముద్ద అతికించి, నున్నగా దిద్ది, అదే చెంప ఎముక అనుకున్నాను. అది ముద్ద కాదు. కంటి కింద బలంగా మొదలై, సన్నబడుతూ చెవి రంధ్రం ముందు దాకా పోయే వంతెన. చాయ్ కప్పు పిడిలాగా బయటికి వంగి ఉంటుంది, దాని వెనక నా చూపుడు వేలు సులువుగా దూరింది. ఆ సందులోంచే కణత దగ్గరి కండరం దిగి కింది దవడ కొమ్మును పట్టుకుంటుంది. కణత మీద వేలు పెట్టి పళ్ళు బిగించి చూడండి, ఉబ్బుతుంది. ఆ వంతెన మొత్తం కూడా చెంప ఎముక కాదు. ముందు సగం దానిది, వెనక సగం చెవి దగ్గరి ఎముక చేయి చాచి అందుకున్నది. రెండూ కలిసే చోట ఏటవాలు అతుకు గీత ఉంటుంది, ఈ బొమ్మలో అది సరిగ్గా ఉంది. ఎండలో పని చేసి చిక్కిన మనిషి ముఖంలో ఈ వంతెన కింద నీడ పడుతుంది. మా వైపు ముసలి రైతుల ముఖమంటే సగం ఆ నీడే. నేను దాన్ని మట్టితో పూడ్చి పెట్టాను.

రెండోది కనుగుంట. ఎదురు నుంచి చూసినప్పుడు రెండు కళ్ళూ ఒకే చదును మీద ఉన్నట్టుంటాయి. పక్కకు తిప్పితే తెలుస్తుంది, ముక్కు వైపు అంచు ముందుంటుంది, బయటి అంచు బాగా వెనక్కి పోతుంది. కనుగుడ్డు ముందు భాగం కంటే ఆ బయటి అంచు దాదాపు ఒకటిన్నర సెంటీమీటర్లు వెనక ఉంటుంది. అందుకే పక్క నుంచి కూడా మనిషి కన్ను మనకు కనిపిస్తుంది. నా బొమ్మల్లో ఆ అంచు ముందుకు వచ్చి కన్ను గూట్లో దాక్కునేది. ఆ ఒక్క గుంటను ఏడు ఎముకలు కలిసి కట్టాయని మేనకోడలు చెప్పింది. నేను లెక్కపెట్టబోతే ఈ బొమ్మలో నాలుగు దాకా అతుకులు దొరికాయి, మిగతావి సాఫు.

చండూరు బొమ్మను విప్పి మళ్ళీ చేశాను. కంటి బయటి అంచును వెనక్కి నెట్టి, చెంప ముద్ద తీసేసి వంతెన కట్టాను. అంతలో పెద్ద కొడుకు వచ్చి ఇంకో మాట అన్నాడు. ఫొటో 78 ఏళ్ళప్పటిది, విగ్రహం మాత్రం 50 ఏళ్ళ మనిషిలా ఉండాలట. ముడతలు తీసేస్తే సరిపోతుందనుకున్నాను. తీశాను. ముడతలు లేని ముసలివాడు తయారయ్యాడు.

పిల్ల నవ్వి దవడ ఊడదీసి నా చేతిలో పెట్టింది. పళ్ళు ఊడిపోతే, వాటిని పట్టుకున్న ఎముక అంచు కూడా కొన్నేళ్ళలో కరిగిపోతుందట. పళ్ళు లేని దవడ సన్నటి కమ్మీలా మిగులుతుంది. దవడ పక్కన చిన్న రంధ్రం ఒకటి ఉంటుంది, పెదవికీ గడ్డానికీ పోయే నరం బయటికి వచ్చే దారి. పసిపిల్లల్లో అది కింది అంచుకు దగ్గరగా ఉంటుంది, పెద్దయ్యాక నడిమిలోకి వస్తుంది, పళ్ళు పోయాక పై అంచుకు చేరుతుంది. రంధ్రం ఎక్కడికీ కదలలేదు, దాని పైనున్న ఎముకే పోయింది. దవడ వెనక మూల కూడా విచ్చుకుంటుంది. ముక్కుకూ గడ్డానికీ మధ్య దూరం తగ్గి, నోరు మూస్తే గడ్డం ముందుకు, పైకి వస్తుంది. ఫొటోలో కంపాసుతో కొలిస్తే నాన్న చెప్పిన మూడు సమాన భాగాల్లో కింది భాగం నిజంగానే పొట్టిగా ఉంది. ముడతలు కాదు నేను తీయవలసింది, కింద వేలి మందం మట్టి కలపవలసింది. కలిపాను, పెదవుల వెనక పళ్ళున్నట్టు కాస్త ముందుకు లాగాను. ముఖం పాతికేళ్ళు వెనక్కి వెళ్ళింది. రైతు మళ్ళీ వచ్చి నేరుగా పక్కకే వెళ్ళి నిలబడ్డాడు. ఏమీ అనలేదు. మిగిలిన డబ్బు కట్టి పోయాడు.

కాబట్టి నా వరకు ఆ 1,450 రూపాయలు ఒక్క విగ్రహంతోనే తీరాయి. ఇక చెడ్డ.

దవడ కుదరదు. స్ప్రింగులు దాన్ని పైకి లాగి పట్టుకుంటాయి, వెనక పళ్ళు ముందే తగిలి ముందు పళ్ళ మధ్య చీపురు పుల్ల పట్టేంత సందు మిగులుతుంది. ఎప్పుడూ ఏదో చెప్పబోతున్నట్టుంటుంది. రెండు రోజులు చూసి, సైకిల్ ట్యూబు ముక్కలు రెండు బిళ్ళల్లా కోసి, చెవి ముందు దవడ గుబ్బ కూర్చునే గుంటలో పెట్టాను. దవడ వెనక భాగం కాస్త దిగింది, ముందు పళ్ళు కలిశాయి. మేనకోడలికి గొప్పగా చూపిస్తే పగలబడి నవ్వింది. మనిషి తలలో సరిగ్గా అక్కడే, గుబ్బకూ గుంటకూ మధ్య, మెత్తటి బిళ్ళ ఒకటి ఉంటుందట. చేసినవాళ్ళు ఎముకలు చూసి పోత పోశారు, బిళ్ళ ఎముక కాదు కాబట్టి వదిలేశారు. కొన్నవాళ్ళు ఎవరైనా ఈ ట్యూబు వైద్యం చేసుకోవచ్చు.

చీపురు పుల్ల అన్నాను కదా, దానితో ఇంకో పరీక్ష కూడా చేశాను. పుర్రెకు రంధ్రాలు చాలా ఉంటాయి, నరాలూ రక్తనాళాలూ వెళ్ళే దారులు. కంటి కింద, పై దవడలో ఉండే రంధ్రంలో పుల్ల పెడితే గోరంత లోతు పోయి ఆగింది. కింది దవడ మీది రంధ్రం ఉత్త గుంట. దవడ లోపలి వైపు, వెనక కొమ్మ మీద ఒక ముఖ్యమైన రంధ్రం ఉండాలి. కింది పన్ను పీకే ముందు పళ్ళ డాక్టరు సూది వేసేది దాని దగ్గరే, నరం అక్కడే దవడలోకి దిగుతుంది. ఈ బొమ్మలో అక్కడ ఏమీ లేదు, నున్నగా ఉంది. అడుగున వెన్నుపాము దిగే పెద్ద రంధ్రం మాత్రం బ్రహ్మాండం, బొటనవేలు దూరుతుంది.

కనుబొమ్మ అంచున ఒక గాటు, కంటి కింద ఒక రంధ్రం, దవడ మీద ఒక రంధ్రం ఉంటాయి. ఈ మూడూ కనుపాప మీదుగా గీసిన నిలువు గీత మీద దాదాపు వరసగా పడతాయని పిల్ల చెబితే, మేస్త్రీలు వాడే తూకం గుండు తెచ్చి దారం వేలాడదీశాను. కుడి వైపు మూడూ దారం మీదికే వచ్చాయి. ఎడమ వైపు మూడోది నాలుగు మిల్లీమీటర్లు బయటికి జరిగింది. అచ్చు కట్టేటప్పుడు ఒక పక్క కదిలి ఉంటుంది. నాకు ఇది తప్పు కంటే లాభమే, ఇప్పుడు ప్రతి మట్టి ముఖానికీ ముందు ఆ దారం వేసుకునే మొదలుపెడుతున్నాను.

ముక్కు లోపలి సంగతి చెప్పకపోవడమే మంచిది. వోమర్ అంటే లాటిన్‌లో నాగటి కర్రు అట. పేరు వినగానే నచ్చింది. అసలు ఎముక పలచగా, కర్రు ఆకారంలో ముక్కు మధ్య గోడకు కింద, వెనక నిలబడుతుంది. ఇందులో అది వేలి మందం దిమ్మ, దానితో ఏ చేనూ దున్నలేం. చుట్ట తిరిగిన ఎముకలు గోడ మీద గీసిన గట్లు. కన్నీటి ఎముక కనుగుంట లోపలి మూలలో చిటికెన వేలి గోరంత ఉంటుంది, ముఖంలోకెల్లా చిన్నదీ పెళుసైనదీ అదే. దాని పక్క నుంచే కన్నీళ్ళు ముక్కులోకి దిగే కాలువ మొదలవుతుంది, ఏడ్చినప్పుడు ముక్కు కారేది అందుకే. ఇందులో ఎముక గీత ఉంది, కాలువ లేదు. పోత పనివాడిగా వాళ్ళ కష్టం నాకు తెలుసు. లోపలికి వంగిన పలచటి రేకులను రెండు ముక్కల అచ్చులోంచి ఊడదీయడం ఎవరి తరమూ కాదు. కానీ అమ్మకం రాతలో “వైద్య విద్యకు అనువైనది” అని రాశారు, అభ్యంతరం ఆ మాట మీదే.

ఇంకో సంగతి. నిజమైన ముఖం అంతటా ఒకే మందం కాదు కాబట్టి ఇష్టం వచ్చినట్టు పగలదు. లె ఫోర్ అనే ఫ్రెంచి సర్జన్ 1901లో ముఖం ఎముకలు విరిగే గీతలను మూడు రకాలుగా తేల్చాడట. పై పళ్ళ మీదుగా అడ్డంగా ఒకటి, ముక్కు మొదలు దాకా గోపురంలా ఒకటి, ముఖం మొత్తం పుర్రె నుంచి విడిపోయేది ఒకటి. హెల్మెట్ లేని బైకు ప్రమాదాల గురించి చెబుతూ మేనకోడలు ఆ గీతలు చాక్‌పీసుతో గీసి చూపించింది. నాకు వెంటనే అర్థమైంది, ప్లాస్టర్ తల కింద పడినా మందం మారిన చోటే పగులుతుంది. అంతటా ఒకే మందం ఉన్న ఈ బొమ్మ మాత్రం కింద పడితే ఎగురుతుంది. రెండుసార్లు ఎగిరింది, ఏమీ కాలేదు. అది కూడా గుణమే.

పళ్ళు ముప్పై రెండూ ఉన్నాయి, జ్ఞానదంతాలతో సహా, తెల్లగా, వరసగా. మా షెడ్డులో మర్రిగూడ వైపు నుంచి వచ్చి పని చేసే పెద్దమనిషి చూసి, “ఇది మన జిల్లా మనిషి కాదు” అని తేల్చేశాడు. ఆయన పళ్ళ మీద ఫ్లోరైడు నీళ్ళ గోధుమరంగు చారలు ఉన్నాయి. చిన్నప్పుడు చిగురు లోపల పన్ను తయారవుతుండగా పడిన మరక అది, తోమితే పోయేది కాదు. ఆయన మాట నిజమే. కనుబొమ్మ గట్టు, చదరపు గడ్డం చూస్తే ఇది మగ పుర్రె కూడా. ఒక అమ్మమ్మ విగ్రహం చేసినప్పుడు రెండూ తగ్గించుకుని చూడవలసి వచ్చింది. ముక్కు కొన సంగతి ఏ పుర్రే చెప్పదు. పైన దూలం మాత్రమే ఎముక, కిందంతా మృదులాస్థి. అక్కడ మళ్ళీ ఫొటోయే గతి.

ఎవరు కొనాలి? బొమ్మలు చేసేవాళ్ళు, డ్రాయింగు మాస్టర్లు, హైస్కూల్లో జీవశాస్త్రం చెప్పేవాళ్ళు కొనండి. వైద్య విద్యార్థులు కొనకండి, మీకు ఎముకలు విడివిడిగా వచ్చే సెట్టు కావాలి, లేదా కళాశాలలో ఉండే అసలైనవి. ఒకప్పుడు ప్రపంచంలోని వైద్య కళాశాలలకు కలకత్తా నుంచే మనుషుల ఎముకలు వెళ్ళేవట, 1985లో మన ప్రభుత్వం ఆ ఎగుమతిని నిషేధించింది. ఒక్కో ఎముకకూ ఒక్కో రంగు వేసినవి కూడా అమ్ముతున్నారు, మేనకోడలి స్నేహితురాలి దగ్గర చూశాను. చదువుకు అది మేలు. మా పనికి పనికిరాదు, రంగు మారిన చోటల్లా కన్ను మోసపోయి ఎత్తుపల్లం కనిపించదు.

బయటి వైపుకు అయిదులో నాలుగున్నర, లోపలి వైపుకు ఒకటి, పంపినవాళ్ళ మర్యాదకు సున్నా. పెట్టె విప్పేటప్పుడు వీడియో తీయండి. చిప్ప కొక్కెం ఒకటి ఈమధ్య వదులైంది, రాగి తీగతో కట్టాను. ట్యూబు బిళ్ళలు ఇంకా గట్టిగానే ఉన్నాయి.